11 అడుగుల హాల్లో గోడ నిండా టీవీ యూనిట్: శనివారం అడ్వాన్స్ ఇవ్వాలి, కాస్త చూసి చెప్పండి

తొమ్మిదో_అంతస్తు
హైదరాబాద్ నిజాంపేటలో త్రీ బీహెచ్‌కే, తాళాలు చేతికొచ్చి నెలయింది. హాలు 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. టీవీ 18 అడుగుల గోడకి, సోఫా దాని ఎదురు గోడకి. ఒక చివర బాల్కనీ స్లైడింగ్ డోరు. గోడలన్నీ మైవాన్, అంటే ఇటుక లేదు, మొత్తం కాంక్రీటే.

డిజైనర్ త్రీడీ బొమ్మ పంపాడు. నేల నుంచి సీలింగ్ దాకా మెరిసే మార్బుల్ షీటు, పక్కన గాడుల ప్యానెల్, మధ్యలో 75 అంగుళాల టీవీ సరిగ్గా ఇమిడేలా గూడు, దాని కింద ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ (మంటలా వెలిగే కరెంటు పొయ్యి), చుట్టూ ప్రొఫైల్ లైట్లు (సన్నటి పట్టీలో అమర్చే ఎల్‌ఈడీ స్ట్రిప్పులు). 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. కొటేషన్ 2 లక్షల 65 వేలు, జీఎస్టీ 18 శాతం అదనం.

బొమ్మ చూసి మా ఆవిడ, నేను ఇద్దరం సరే అనుకున్నాం. అమ్మకి చూపిస్తే ఫోను రెండు నిమిషాలు పట్టుకుని ఒక్క మాట అడిగింది: "సంక్రాంతికి బొమ్మల కొలువు ఎక్కడ పెట్టాలిరా?" అప్పటి నుంచి మనసు ఒప్పుకోవట్లేదు. శనివారం అడ్వాన్స్ ఇవ్వాలి. ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

చెక్కపొట్టు
22 ఏళ్లుగా ఇదే పని నాది. ముందు ఒక కొలత చెప్పండి. డ్రాయింగులో టీవీ నడిమధ్య నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది?

తొమ్మిదో_అంతస్తు
60 అంగుళాలు.

చెక్కపొట్టు
అదే అనుకున్నా. సోఫాలో కూర్చుంటే కన్ను నేల నుంచి 40, 42 అంగుళాల ఎత్తులో ఉంటుంది. టీవీ మధ్యభాగం అటూ ఇటుగా అక్కడికే రావాలి. కింద ఫైర్‌ప్లేస్ పెట్టారు కాబట్టి టీవీ పైకెక్కింది. రెండు గంటల సినిమా మొత్తం తలెత్తి చూడాలి. మీ అమ్మగారి మెడ ఒకసారి గుర్తు చేసుకోండి.

బెజవాడ_బాల్కనీ
మే నెలలో ఏసీ వేసుకుని, ఎదురుగా మంట పెట్టుకుని కూర్చోవడమా! మా ఊళ్లో అయితే చుట్టాలు గడప దగ్గరే ఆగిపోతారు.

రెడింగ్_తెలుగు
ఆ డిజైను పుట్టిల్లు మా వైపే. ఇంగ్లండులో మీడియా వాల్ అంటే అచ్చంగా ఇదే. ఇక్కడి పాత ఇళ్లలో హాల్లో చిమ్నీ గోడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కొత్త ఇళ్లలో చిమ్నీ లేదు, కానీ ఆ రూపం మీద మోజు పోలేదు. అందుకని కట్టెలతో ఫ్రేము కట్టి, ప్లాస్టర్‌బోర్డు కొట్టి, పైన టీవీ, కింద ఎలక్ట్రిక్ ఫైర్ పెడతారు. మా ఇంట్లోనూ ఉంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో దాని ముందు కూర్చుంటే నిజంగా హాయిగా ఉంటుంది. హైదరాబాద్‌లో దానికి పనేముంది? పైగా అది వేడి కూడా ఇచ్చే రకమైతే 2,000 వాట్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంప్స్ పాయింటు వేరేగా కావాలి.

ఇంకోటి, మాది గదిలోకి అడుగు పైన ముందుకొచ్చింది. మీ 11 అడుగుల్లో ఎంత పోతోందో అడిగారా?

తొమ్మిదో_అంతస్తు
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. ప్యానెల్ 7 అంగుళాలు, కింద బాక్స్ 18 అంగుళాలు ముందుకొస్తుందట. సోఫా 3 అడుగులు. మధ్యలో ఆరున్నర అడుగులు మిగులుతుంది, అందులోనే సెంటర్ టేబుల్. ఈ లెక్క ఇన్నాళ్లూ వేసుకోలేదు.

పాత_సామాను
ఎవరేమన్నా ఆ "సరిగ్గా ఇమిడే గూడు" మాత్రం వద్దండి. 2016లో మేం 43 అంగుళాల టీవీకి కొలిచి గూడు చేయించాం. అటు అరంగుళం, ఇటు అరంగుళం ఖాళీ. ఎంత ముచ్చటగా ఉందో అని చూసినవాళ్లందరూ అన్నారు. 2023లో టీవీ తెర పోయింది. 55 కొందామని షాపుకెళ్లాం. దాని వెడల్పు 4 అడుగుల పైన, మా గూడు 39 అంగుళాలు. కోసి పెద్దది చేద్దామంటే ఆ నంబరు సన్మైకా ఇప్పుడు రావట్లేదన్నారు. చివరికి మళ్లీ 43 అంగుళాల టీవీయే కొన్నాం. మా ఇంట్లో ఏ టీవీ ఉండాలో చెక్క నిర్ణయించింది.

మియాపూర్_ఏఆర్
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గోడ 15 ఏళ్లు ఉంటుంది, ఆలోపు టీవీ రెండుసార్లు మారుతుంది. వెనక చదునైన ప్యానెల్ ఉంటే 55 పెట్టినా 75 పెట్టినా బాధ లేదు.

సైజు విషయంలో మాత్రం 75కే నా ఓటు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, 65కీ 75కీ మధ్య తేడా మునుపటంత బాధించదు.

చెక్కపొట్టు
ఏఆర్ గారూ, జేబు సంగతి సరే, దూరం సంగతి చూడండి. సోఫా వెనక్కి ఆనుకుంటే కన్ను వెనక గోడకి రెండున్నర అడుగుల ముందు ఉంటుంది. ఇటు ప్యానెల్ పోను కంటికీ తెరకీ మధ్య 8 అడుగులు. మామూలుగా చెప్పే లెక్క, టీవీ అంగుళాలకి 1.2 నుంచి 1.6 రెట్లు దూరం. 65కి ఆరున్నర నుంచి 8 అడుగుల 8 అంగుళాలు. 75కి ఏడున్నర నుంచి 10 అడుగులు.

మియాపూర్_ఏఆర్
మీ లెక్కలోనే 8 అడుగులు 75కీ పడుతోంది కదండీ!

చెక్కపొట్టు
పడుతుంది, అంచున. రోజూ సినిమాలు చూసేవాళ్లకి బాగుంటుంది. పొద్దున భక్తి చానెల్, సాయంత్రం సీరియల్ చూసే పెద్దవాళ్లకి అంత తెర ఎక్కువే.

తొమ్మిదో_అంతస్తు
మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నారు.

బెజవాడ_బాల్కనీ
పేపరు అతికించి చూడండి. మేం అలాగే తేల్చుకున్నాం. 65 అంటే దాదాపు 4 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల ఎత్తు. 75 అంటే ఐదున్నర అడుగులు, 37 అంగుళాలు. పాత న్యూస్‌పేపర్లు ఆ కొలతకి అతికించి గోడకి తగిలించండి. సోఫా రాకపోతే కుర్చీలు వేసుకుని కూర్చోండి. త్రీడీ బొమ్మలో ఏదైనా అందంగానే ఉంటుంది.

ఓల్టేజి
అందరూ కనిపించేదాని గురించి చెబుతున్నారు, నేను కనిపించనిదాని గురించి చెబుతా. ఎలక్ట్రికల్ పని నాది, మైవాన్ టవర్లలోనే ఎక్కువ చేస్తుంటా.

మైవాన్ గోడని కొట్టి గాడి తీయకూడదు. అది బరువు మోసే గోడ, లోపల ఇనుము ఉంటుంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకి 5 ఏళ్లు బిల్డర్‌దే బాధ్యత. మీరు గోడ కొట్టారంటే రేపు పగులు వచ్చినప్పుడు అతను దాన్నే చూపిస్తాడు. కాబట్టి వైర్లన్నీ ప్యానెల్ వెనక ఖాళీలోనే నడవాలి. దానికి 7 అంగుళాలు అక్కర్లేదు, రెండున్నర, మూడు చాలు.

టీవీ వెనక నుంచి కింది బాక్సులోకి 2 అంగుళాల పీవీసీ పైపు వేయించండి. అంగుళం పైపు వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. హెచ్‌డీఎంఐ ప్లగ్గు అందులో తిరగదు. మూల దగ్గర ఒక్కసారిగా మలిగే ఎల్బో వద్దు, మెల్లగా వంగే లాంగ్ బెండ్ వేయమనండి. పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు కొత్త కేబుల్ వస్తే దానికి కట్టి లాగొచ్చు. ఈ తాడు 20 రూపాయలు. అది లేక ప్యానెల్ మొత్తం ఊడదీసిన ఇళ్లు చూశా.

పాయింట్లు: టీవీ వెనక రెండు, కింది బాక్సులో కనీసం నాలుగు. టీవీ వెనక ప్లగ్గులు స్టాండు బిగించే ప్లేటుకి అడ్డం రాకుండా పక్కకి జరపాలి. లాన్ కేబుల్ క్యాట్ 6 ఒకటి తప్పకుండా లాగండి. వైఫై ఉంది కదా అనకండి, కాంక్రీటు గోడల మధ్య సిగ్నల్ సంగతి మీకే తెలుస్తుంది. హెచ్‌డీఎంఐ 3 మీటర్లు దాటకుండా చూసుకుంటే మంచిది. దాటితే ఆప్టికల్ రకం కొనాలి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, కొన్నచోటే టీవీకి పెట్టి చూపించమనండి.

పాత_సామాను
ఓల్టేజి గారూ, ప్రొఫైల్ లైట్ల గురించి కూడా చెప్పండి. మా తమ్ముడింట్లో ఒక పక్క లైటు ఆరిపోయి ఏడు నెలలు, ఎవరూ బాగుచేయట్లేదు.

ఓల్టేజి
లైటు పోయి ఉండదు, డ్రైవర్ పోయి ఉంటుంది. స్ట్రిప్ నేరుగా కరెంటు మీద వెలగదు, 12 లేదా 24 ఓల్టులకి మార్చే చిన్న డబ్బా ఒకటుంటుంది. ముందు పోయేది అదే. దాన్ని ప్యానెల్ వెనక పడేసి సన్మైకా అతికించేస్తారు. డ్రైవర్లన్నీ కింది బాక్సులోనో, పైన సీలింగ్ మూతలోనో, చెయ్యి పట్టే చోట పెట్టించండి. రంగు 3,000 కెల్విన్, అంటే పసుపు ఛాయది తీసుకోండి, తెల్లటిది పెడితే రాత్రిపూట మందుల షాపులా ఉంటుంది.

హనుమకొండ_హాలు
మాది ఏఏసీ బ్లాకుల గోడ, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు. డెలివరీకి వచ్చిన అబ్బాయి మామూలు గట్టాలు (స్క్రూ పట్టడానికి గోడ బెజ్జంలో దూర్చే బిరడాలు) నాలుగు కొట్టి 55 అంగుళాల టీవీ బిగించి పోయాడు. మూడోరోజు రాత్రి దబ్బుమని చప్పుడు. టీవీ యూనిట్ మీద పడి, అక్కడి నుంచి నేల మీద. పిల్లవాడు రోజూ ఆడుకునే చోటు అది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం పడుకోలేదు.

చెక్కపొట్టు
దేవుడి దయ, రాత్రి పడింది. ఏఏసీ బ్లాకు మెత్తన, మామూలు గట్టం దాన్ని పిండి చేస్తుంది. డ్రిల్లులో దెబ్బ కొట్టే హ్యామర్ మోడ్ ఆపేసి, ఉత్తగా తిప్పుతూ బెజ్జం పెట్టాలి, దానికని వచ్చే పొడుగు నైలాన్ యాంకర్లు వాడాలి. నేనైతే వెనక 18 మి.మీ. ప్లైవుడ్ నిలువునా వేసి పన్నెండు చోట్ల బిగిస్తా. బరువు నాలుగు బెజ్జాల మీద కాకుండా గోడంతా పంచుకుంటుంది. 9వ అంతస్తు వారికి ఈ భయం లేదు, కాంక్రీటు గట్టిగా పట్టుకుంటుంది.

సాగరతీరం
వైజాగ్ నుంచి ఒక మాట. ఆ గోడకి అవతల ఏముంది? మాది అవతల బాత్రూమ్. ఏడాదిన్నరకి కింది బాక్సు తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన. వెనక చెక్క ఉబ్బి వేలు పెడితే పొరలు పొరలుగా వచ్చేసింది. ప్యానెల్ ఉండబట్టి గోడ చెమ్మ బయటికి కనిపించలేదు, లోపల్లోపల తినేసింది.

తొమ్మిదో_అంతస్తు
అవతల పిల్లల గది బాత్రూమ్! సగం గోడ వరకు.

సాగరతీరం
అయితే ముందు అటు వాటర్‌ప్రూఫింగ్ చూపించండి. నీళ్లు నిలబెట్టి 48 గంటలు ఉంచి, ఇటు గోడకి చెమ్మ దిగుతుందేమో చూడండి. ఆ తర్వాతే చెక్క.

చెక్కపొట్టు
ఆ సగంలో గోడకి చెక్క ఆనకుండా గాలి ఆడేలా అల్యూమినియం సెక్షన్ మీద ప్యానెల్ వేయమనండి. ప్లైవుడ్ బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకీ తట్టుకునే రకం), షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. "మెరైన్ గ్రేడే సార్" అని నోటిమాట చెబితే చాలదు. షీట్లు ఇంటికొచ్చిన రోజే ప్రతి షీటు ముద్ర మీరే చూడండి. కోసేశాక ఎవరూ చెప్పలేరు. అంచులకి, వెనక వైపుకి కూడా లామినేట్ వేయాలి. చెమ్మ దూరేది ఆ వదిలేసిన పచ్చి అంచు నుంచే. చెదలూ అక్కడి నుంచే.

కింది బాక్సు నేలకి ఆనించకుండా 10 అంగుళాలు పైకి గోడకి వేలాడదీయండి. తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు తగలవు, చీపురు దూరుతుంది.

మియాపూర్_ఏఆర్
ఆ గాడుల ప్యానెల్ దేనితో చేస్తున్నారో అడిగారా? ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసే బోర్డు) అయితే చెమ్మ గోడకి వద్దు. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేవి) వాటికి ఆ భయం లేదు.

కొలువుబొమ్మ
గాడుల్లో దుమ్ము సంగతి ఎవరూ మాట్లాడరేం! మా ఇంట్లో 4 అడుగుల వెడల్పుంది ఆ ప్యానెల్. ప్రతి గాడిలో పెయింట్ బ్రష్‌తో దులుపుతా. వారానికి ముప్పావు గంట. త్రీడీ గీసిన అబ్బాయి ఒక్క ఆదివారం వచ్చి దులిపితే తెలుస్తుంది.

ఇక అసలు విషయానికొస్తా. తొమ్మిదో అంతస్తు గారూ, మీ అమ్మగారు అడిగిందే ఈ చర్చలో అన్నిటికన్నా మంచి ప్రశ్న. ఇల్లు ఏడాదికి 360 రోజులు టీవీది కావచ్చు, ఆ నాలుగైదు రోజులు మాత్రం బొమ్మలది. 12 అడుగులూ ప్యానెల్ వేయకండి. బాల్కనీ వైపు 4 అడుగుల గోడ ఉత్తగా వదిలేయండి. మామూలు రోజుల్లో అక్కడ ఒక మొక్కో కుర్చీయో ఉంటుంది. సంక్రాంతికి మెట్లు అక్కడ దిగుతాయి. మాది మడతపెట్టే చెక్క మెట్లు, ఐదు మెట్లకి 4 అడుగుల వెడల్పు, మడిస్తే మంచం కింద పడుతుంది.

బొమ్మలు దాచడానికి కింది బాక్సులో ఒక సొరుగు లోతుగా చేయించండి, లోపల 9 అంగుళాల ఎత్తు ఉండేలా. మా దశావతారాల సెట్టు నిలువుగా పట్టదని పడుకోబెట్టి పాత నూలు చీర ముక్కల్లో చుడతా. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రవి, చాలా తేలిక, కానీ చెమ్మ తగిలితే రంగు పెచ్చు లేస్తుంది. కాబట్టి బాత్రూమ్ వైపున్న సొరుగులో వద్దు, రెండో చివర పెట్టండి. మా అంబారీ ఏనుగుకి తొండం దగ్గర రంగు అలాగే పోయింది. మా అత్తగారిచ్చిన బొమ్మ అది.

బెజవాడ_బాల్కనీ
మాకు కొలువు దసరాకేనండి. 10 రోజులు.

కొలువుబొమ్మ
దసరాకైతే ఇంకా ఎక్కువ చోటు వదలాలి!

రెడింగ్_తెలుగు
ఇది చదివాక మా మీడియా వాల్ వైపు చూశా. గత ఏడాది మా ఆవిడ కొలువు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, నాలుగు రోజులు మేం వంటింట్లో నిలబడి తిన్నాం. కట్టించేటప్పుడు ఈ ప్రశ్న అడిగే పెద్దవాళ్లు పక్కన లేరు.

హనుమకొండ_హాలు
వాస్తు ఎవరూ ఎత్తలేదేంటి? టీవీ ఆగ్నేయంలో ఉండాలంటారు కదా.

చెక్కపొట్టు
ఫ్లాట్‌లో గోడ మనం ఎంచుకునేది కాదండి. బాల్కనీకి ఎదురుగా తెర పెట్టకుండా ఉంటే చాలు, పగలు బొమ్మ కనపడదు. ఇక్కడ బాల్కనీ పక్కకి ఉంది, ఫరవాలేదు. కానీ ఆ మెరిసే మార్బుల్ షీటు వద్దు. బాల్కనీ వెలుతురు, టీవీ వెలుతురు రెండూ అందులో కదులుతుంటాయి. మ్యాట్ తీసుకోండి.

ఓల్టేజి
పైన ఒకటి మర్చిపోయా. రౌటర్ పెట్టే అరకి గాలి ఆడే జాలీ ఉండాలి. అద్దం తలుపు బిగించి లోపల పెడితే ఎండాకాలం కాలిపోతుంది. సౌండ్‌బార్ మూసిన గూట్లో పెట్టకండి, యూనిట్ పైభాగం మీద ముందంచుకి పెట్టండి. దానికి వెళ్లే హెచ్‌డీఎంఐ టీవీలో ఈఏఆర్‌సీ అని రాసిన పోర్టుకే పెట్టాలి.

మియాపూర్_ఏఆర్
కొటేషన్ గురించి ఒక మాట. 12 ఇంటూ 9 అంటే 108 చదరపు అడుగులు. 2.65 లక్షలంటే అడుగుకి 2,450 పడింది. గోడ మొత్తానికి ఒకే రేటు కట్టాడు. ఉత్త ప్యానెల్‌కీ, సొరుగులున్న బాక్సుకీ ఒకే రేటు ఎలా ఉంటుంది? రెండూ విడదీసి రాయమనండి. లైట్లు మీటరు లెక్కన, డ్రైవర్లు ఎన్నో, తలుపుల హింజులు, సొరుగుల చానెళ్లు ఏ కంపెనీవో కాగితం మీద ఉండాలి.

తొమ్మిదో_అంతస్తు
మూడు రోజులు ఇక్కడికి రాలేదు, పనిలో ఉన్నా. జరిగింది చెబుతా.

గురువారం రాత్రి పేపర్లు అతికించాం. ముందు 75. మా అబ్బాయి గంతులేశాడు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "ఇటు నుంచి అటు చూడ్డానికి తల తిప్పాల్సొస్తోంది" అంది. 60 అంగుళాల ఎత్తులో పెట్టి చూపించా, నిమిషం చూసి మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. తర్వాత 65, మధ్యభాగం 42 అంగుళాలకి దించి అతికించాం. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ అలాగే కూర్చుని కబుర్లలో పడ్డాం. అక్కడికి తేలిపోయింది. ఆ పేపర్లు ఇంకా గోడకే ఉన్నాయి.

శుక్రవారం బాత్రూమ్‌లో నీళ్లు నిలబెట్టి, శనివారం ఇవ్వాల్సిన అడ్వాన్స్ వారం వాయిదా వేశా. ఆదివారం పొద్దునకి ఇటు గోడకి కింద, మూల దగ్గర అరచేయంత నల్ల మచ్చ. బిల్డర్ మనుషులు వచ్చి చూశారు, టైల్స్ జాయింట్లు మళ్లీ నింపుతామన్నారు. సాగరతీరం గారూ, మీరు అడగకపోతే దాని మీద మూడు లక్షల చెక్క కొట్టించేవాణ్ణి. ఆ మాట తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

డిజైనర్‌తో కూర్చున్నా. మొదట మొహం చిన్నబుచ్చుకున్నాడు. కొలువు సంగతి చెప్పాక, "మా ఇంట్లోనూ పెడతారు సార్, నాకు తట్టలేదు" అన్నాడు. కొత్త డ్రాయింగు అక్కడే గీశాడు: ప్యానెల్ 8 అడుగులే, 3 అంగుళాల మందం, మ్యాట్. ఫైర్‌ప్లేస్ లేదు, గూడు లేదు. కింది బాక్సు 16 అంగుళాల లోతు, నేల నుంచి 10 అంగుళాల ఎత్తున. బాల్కనీ వైపు 4 అడుగులు ఉత్త గోడ. రేట్లు విడదీసి రాశాక 1 లక్షా 48 వేలకి వచ్చింది. గాడుల ప్యానెల్ మా ఆవిడకి ఇష్టం, ఒక అడుగు వెడల్పు ఉంచాం, డబ్ల్యూపీసీది.

కొలువుబొమ్మ
అడుగు వెడల్పయితే పది నిమిషాల్లో దులిపేయొచ్చు. సొరుగు లోతు 9 అంగుళాలు పెట్టారా?

తొమ్మిదో_అంతస్తు
పెట్టామండి. అమ్మ తన బొమ్మల్లో పొడుగైనదాన్ని తెచ్చి టేపుతో కొలిచింది. 11 అంగుళాలు వచ్చింది. ఒక సొరుగు 12కి పెంచాం, పక్కనున్న చిన్న అర తగ్గించాం.

చెక్కపొట్టు
మచ్చ పూర్తిగా ఆరేదాకా పని మొదలుపెట్టనివ్వకండి. మూడు వారాలైనా సరే. కార్పెంటర్ తొందరపెడతాడు, వినకండి.

ఓల్టేజి
ప్యానెల్ మూసే ముందు రోజు నాకొక ఫోటో పెట్టండి. గోడకి కొలత టేపు ఆనించి, ప్రతి వైరు నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో ఉందో కనిపించేలా తీయండి. తీశాక ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. తర్వాత ఎవరైనా మేకు కొట్టాలంటే అదే దిక్కు.

తొమ్మిదో_అంతస్తు
తప్పకుండా. 2 అంగుళాల పైపు, లాంగ్ బెండ్లు నిన్ననే ట్రూప్ బజార్‌లో కొన్నా. నైలాన్ తాడు 30 అయింది.

ఓల్టేజి
పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. పోనివ్వండి, గట్టిది చూసి ఇచ్చాడేమో.